స్నేహితుడితో కలిసి ఎలక్ట్రిక్ గిటారు తయారు చేయడం ఎలా?

గిటారు తయారీకి ఇద్దరు కావాలని నేను చెప్పినప్పుడు, ఒకరు చెక్క పట్టుకుంటే ఇంకొకరు కోయడానికి కాబోలని చాలామంది అనుకుంటారు. చెక్క పట్టుకోవడానికి రెండు సీ-క్లాంపులు చాలు. మొదటి మనిషి కొలిచినదాన్ని నమ్మకుండా మళ్లీ కొలవడానికే రెండో మనిషి కావాలి. నేనూ, పాలకొల్లు దగ్గర వడ్రంగం చేసే నా చిన్ననాటి మిత్రుడూ కలిసి ఇప్పటికి తొమ్మిది గిటార్లు చేశాం. ఇతరులు సొంతంగా చేసుకొని, శ్రుతి కుదరక మా దగ్గరికి తెచ్చినవి అంతకంటే ఎక్కువే. వాటికి రంగు బాగుంటుంది, తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్పులు ఖరీదైనవి ఉంటాయి, మెట్లు మాత్రం ఉండవలసిన చోట ఉండవు. అందువల్ల మిగిలిన పనులను త్వరగా చెప్పి, మెట్ల దగ్గర ఆగుతాను. ఫ్రెట్లను మేము వీణ వాడుకలో మెట్లనే అంటాం. ఈ వ్యాసంలోనూ అదే మాట వాడుతున్నాను.

ముందుగా బొమ్మ

గిటారును దాని అసలు పరిమాణంలో ఒక ప్లైవుడ్ ముక్క మీద గీసి, రంపంతో కోసి, మీ మిత్రుడి ఒళ్లో పెట్టి చూడండి. మోచేయి ఆనే చోటా, తొడ మీద కూర్చునే చోటా ఇబ్బంది ఉంటే ఇప్పుడే తెలుస్తుంది. మెడ పైకొసన తీగలు ఆనే నట్టు నుంచి దేహం మీద అవి ఆనే బ్రిడ్జి వరకు తీగ పొడవును 648 మిల్లీమీటర్లుగా నిర్ణయించుకోండి. అంటే ఇరవై అయిదున్నర అంగుళాలు, 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌ది కూడా ఇదే కొలత. మెట్లు 22 ఉండాలి. 24 పెడితే తరువాత ఎప్పుడైనా మెడ వైపు కూడా పికప్పు పెట్టుకుందామన్నా సరైన చోటు మిగలదు కాబట్టి పెట్టకూడదు. మెడను బోల్టులతోనే బిగించాలి. జిగురుతో అతికించిన మెడ గొప్పగా మోగుతుందని వాదించేవారున్నారు. మొదటి గిటారుకు మెడ కోణం ఏ కొంచెమో తేడా రాక మానదు, జిగురు ఆరిన తరువాత దాన్ని సరిచేసే దారి ఉండదు. బోల్టులైతే విప్పి, గూడు అడుగున పలుచని చెక్క పొర పెట్టి, మళ్లీ బిగించుకోవచ్చు.

కలప

దేహానికి పనస కర్ర తీసుకోండి. బొబ్బిలిలోనూ, నూజివీడులోనూ వీణలు చేసేవారు తరతరాలుగా నమ్ముకున్న కర్ర అది, పైగా మన ఊళ్లలోనే దొరుకుతుంది. మెడకు పాత టేకు కావాలి. కోనసీమలో మండువా ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలూ, ద్వారబంధాలూ దశాబ్దాల పాటు ఆరి ఉంటాయి కాబట్టి వాటిని మించినవి లేవు. అయితే లోపల విరిగిపోయిన మేకులు ఉంటాయి. చిత్రిక పట్టే ముందు ఒక అయస్కాంతాన్ని చెక్క పొడవునా నడిపించి చూడకపోతే చిత్రిక ఇనుము పళ్లూడుతుంది. మెడ మీద అతికించి మెట్లు దించే మెట్ల పలకకు ఆరు మిల్లీమీటర్ల మందం గల ఇరుగుడు చెక్క సరిపోతుంది. టేకులోనూ, ఇరుగుడులోనూ నూనె ఉంటుంది కనుక, జిగురు రాసే ముందు అతికే ముఖాలను అసిటోన్‌తో తుడవాలి. లేదంటే రెండేళ్లలో అతుకు విడిపోతుంది.

కొత్త కర్ర కొన్నప్పుడు, అడితిలో "బాగా ఆరిందండి" అని చెప్పిన మాటను అక్కడే వదిలి రండి. ముక్కను వారానికొకసారి తూకం వేయండి. నాలుగు వారాలు వరుసగా బరువు తగ్గకపోతే అప్పుడది ఆరినట్టు. చుట్టూ కాలువలూ, చేపల చెరువులూ, వరిచేలూ ఉన్న మన డెల్టాలో గాలిలోనే నీళ్లుంటాయి కాబట్టి, ఆషాఢం నుంచి కార్తీకం దాకా మేము మెడ పని ముట్టుకోము. సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే ఎండలు ముదిరేలోగా పని తెములుతుంది.

పనిముట్ల గురించి చెప్పేది పెద్దగా లేదు. చిత్రిక, ఉలులు, మూలమట్టం, ఆకురాళ్లు, గరుకు కాగితం, చేతి రౌటరు, డ్రిల్లు ప్రతి వడ్రంగి దగ్గరా ఉంటాయి. ప్రత్యేకంగా కొనవలసినవి మూడు: అర మిల్లీమీటరు గీతలున్న 600 మిల్లీమీటర్ల ఉక్కు స్కేలు, సన్నని మొన గల గీతల కత్తి, 0.6 మిల్లీమీటర్ల గాడి కోసే వీపు రంపం. రంపం విషయంలో పొదుపు చేయకండి.

మెట్లు కోయడం

వీణ మీద మెట్లు మైనంలో నిలుస్తాయి. ఒక మెట్టు అటూ ఇటూ అయితే మైనం వేడి చేసి, చెవితో విని, సరైన చోటికి జరుపుతారు. గిటారు మెట్టు చెక్కలో కోసిన గాడిలో దిగుతుంది. గాడి తప్పితే ఆ చెక్క పొయ్యిలోకి పోవలసిందే. ఈ ఒక్క తేడాను మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ చాదస్తమని అనిపించవు.

మొదట లెక్క చూడండి. తీగ పొడవును 17.817తో భాగించగా వచ్చినది నట్టు నుంచి మొదటి మెట్టు దూరం. 648కి అది 36.37 మిల్లీమీటర్లు. మిగిలిన 611.63ను మళ్లీ 17.817తో భాగిస్తే 34.33 వస్తుంది. అంటే రెండో మెట్టు నట్టు నుంచి 70.70 దగ్గర ఉండాలి. స్థాయిని పన్నెండు సమాన స్వరస్థానాలుగా విడదీయడం వల్ల ఈ సంఖ్య వచ్చింది కాబట్టి పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 324 దగ్గర, పడి తీరాలి. "పద్దెనిమిదితో భాగిస్తే పోలేదా" అనేవారు ఎప్పుడూ ఒకరుంటారు. పూర్వం వాద్యాలు చేసేవారు అలా భాగించిన మాట నిజమే కానీ, ఆ లెక్కన పన్నెండో మెట్టు 321.6 దగ్గర పడుతుంది. రెండు మిల్లీమీటర్లకు పైగా తేడా ఉన్న మెట్టు మీద స్వరం పలికించి, ఆ తరువాత నాతో వాదించవచ్చు. మీ పట్టికను సరిచూసుకోవడానికి మరికొన్ని: అయిదోది 162.55, ఏడోది 215.51, ఇరవై రెండోది 466.16.

ఇక అసలు మాట. ప్రతి మెట్టునూ నట్టు నుంచే కొలవాలి, ముందు మెట్టు నుంచి ఎప్పుడూ కొలవకూడదు. మా మొదటి గిటారుకు నేను ఈ తప్పే చేశాను. విభాగిని తెరిచి ఒక్కొక్క ఎడాన్నీ ముందు గీత నుంచి కొలుస్తూ పోయాను. ఒక్కో ఎడంలో 0.2 మిల్లీమీటర్లు ఎక్కువ పడిందంటే కంటికి ఏమీ తెలియదు. కానీ అది కలుస్తూ కలుస్తూ పన్నెండో మెట్టు 326 దాటింది, ఇరవై రెండోది నాలుగు మిల్లీమీటర్లకు పైగా బ్రిడ్జి వైపు జరిగింది. అక్కడ తీగ నొక్కితే స్వరస్థానంలో నూటికి నలభై వంతులు హెచ్చు పలికింది. మా మిత్రుడు దాన్ని ఒకసారి మీటి, "ఒరే, ఇది గిటారా, పెళ్లివారి సన్నాయి బృందంలో అలిగినవాడా?" అన్నాడు. ఆ మెడ ఇప్పుడు మా పెరట్లో సన్నజాజి పందిరికి ఊతకర్ర.

వడ్రంగి టేపును ఈ పనికి దగ్గరికి రానివ్వకండి. దాని కొసన ఉండే కొక్కెం వదులుగా కదలడం లోపం కాదు. లోపలి కొలతకూ బయటి కొలతకూ కొక్కెం మందమంత సర్దుబాటు కోసం దాన్ని అలాగే చేస్తారు. ద్వారబంధానికి ఆ ఏర్పాటు మంచిదే. మెట్ల పలకకు మాత్రం సున్నా ఎక్కడుందో తెలియని కొలత పనికిరాదు. పలక కొసన ఒక చదునైన ఇనుప ముక్కను క్లాంపుతో బిగించి, ఉక్కు స్కేలును దానికి ఆనించి, స్కేలును కూడా బిగించండి. 22 గీతలూ పూర్తయ్యేదాకా ఆ స్కేలు కదలకూడదు. ఆ కొస నట్టులో పలకను తాకే ముఖానికి గుర్తు, అంతేకాని నట్టు నడిమికి కాదు.

నెట్‌లో దొరికే కాగితం నమూనాను అంటించి కోసేవారికి ఒక అనుభవం చెబుతాను. ఒకసారి మేము కూడా బద్ధకించి జిరాక్సు దుకాణంలో అటువంటి నమూనా తీయించాం. యంత్రం పేజీకి సరిపడేలా దాన్ని 97 శాతానికి కుదించిన సంగతి ఎవరూ గమనించలేదు. అతికించిన మూడు కాగితాల మీద 648 కాస్తా 628.6 అయింది. మెట్లు వాటిలో అవి సరిగానే ఉన్నాయి కాబట్టి కంటికి లోపం కనపడలేదు. బ్రిడ్జిని 648 దగ్గర పెట్టి ఉంటే పన్నెండో మెట్టు అర స్వరస్థానం తగ్గి పలికేది. రంపం పెట్టే ముందు మా మిత్రుడు అలవాటు కొద్దీ స్కేలు ఆనించి చూడబట్టి చెక్క దక్కింది. పైగా మన గాలికి కాగితం ఉబ్బుతుంది కూడా. కాగితం వద్దు.

గీతను పెన్సిలుతో గీయకూడదు. పెన్సిలు గీతే అర మిల్లీమీటరు ఉంటుంది. దాని ఏ అంచున కోయాలో మొదటి మెట్టు దగ్గర ఒకలా, పదో మెట్టు దగ్గర ఇంకోలా తోస్తుంది. కత్తి మొనతో ఒక్క చుక్క పెట్టి, మూలమట్టాన్ని ఆ మొనకు ఆనేలా జరిపి, అడ్డంగా ఒకే ఒత్తిడితో గీయాలి. మూలమట్టం ఎప్పుడూ ఒకే అంచుకు ఆనాలి కాబట్టి, పలక ఇంకా దీర్ఘచతురస్రంగా ఉన్నప్పుడే గాడులన్నీ కోయాలి. ముందే నట్టు వైపు సన్నగా చెక్కేసి, ఆ వాలు అంచుకు మూలమట్టం ఆనించి, ఏటవాలు మెట్లతో వచ్చినవారిని నేను చూశాను.

గీతలు పూర్తయ్యాక ఆ రోజుకు పని ఆపండి. మరునాడు, మీ అంకెలు చూడకుండా, మీ మిత్రుడు తన స్కేలుతో 22 గీతలనూ కొలిచి కాగితం మీద రాయాలి. తరువాత రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టండి. ఎక్కడైనా 0.2 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఇద్దరూ కలిసి మూడోసారి చూడాలి. "నేను సరిగ్గానే కొలిచాను" అనే మాట ఇద్దరిలో ఎవరూ అనకూడదు. స్నేహాలు ఇక్కడే బెసుకుతాయి.

కోసేటప్పుడు నిటారుగా చెక్కిన గట్టి చెక్క దిమ్మ ఒకటి గీత పక్కన బిగించి, రంపం చెంపను దానికి ఆనించి, బరువు వేయకుండా లాగాలి. దిమ్మను ఎప్పుడూ గీతకు ఒకే వైపు పెట్టాలన్న నియమాన్ని ఎవరూ పట్టించుకోరు. గాడులన్నీ ఒకే వైపుకు 0.3 మిల్లీమీటర్లు తప్పినా, నట్టు కొసను అంతే మేర సర్దితే సరిపోతుంది. కొన్ని అటూ కొన్ని ఇటూ తప్పితే సర్దడానికి ఏమీ ఉండదు. గాడి లోతు మెట్టు కాలు, అంటే గాడిలోకి దిగే భాగం, కంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి. గాడి వెడల్పును ముందుగా ఒక వృథా ముక్క మీద పరీక్షించండి. వదులైతే మెట్టు పైకి లేస్తుంది. మరీ బిగువైతే ఒక్కో మెట్టూ మేకులా చెక్కను విడదీసి, 22 కలిసి మెడను వెనక్కి వంచేస్తాయి. రబ్బరు సుత్తితో మూడు నాలుగు దెబ్బలకు, ముందు రెండు కొసలు, ఆ తరువాత నడుము, దిగేదే సరైన బిగువు.

మెడ, దేహం, తీగలు

ఇక మిగిలినది మామూలు వడ్రంగం. మెడ లోపల గాడి తీసి, మెడ వంపును సర్దే ఇనుప కడ్డీ ట్రస్ రాడ్డు పెట్టి, పైన పలకను అతికించి, ఒక రాత్రంతా క్లాంపుల్లో ఉంచండి. దేహాన్ని 45 మిల్లీమీటర్ల మందంతో కోసి, మెడ కోసం సుమారు 16 మిల్లీమీటర్ల లోతు గూడు తీయండి. మెడను గూట్లో పెట్టి దేహాన్ని ఎత్తితే, బోల్టులు లేకుండానే మెడ జారకుండా ఉండాలి. బ్రిడ్జికి రంధ్రాలు వేసే ముందు నట్టు రెండు కొసల నుంచి రెండు దారాలు లాగి, అవి పలక అంచులకు సమానమైన ఎడంలో పోతున్నాయో లేదో ఇద్దరూ చూడండి. సన్నని తీగ ఆనే చోటు నట్టుకు 648 దగ్గర ఉండాలి. లావు తీగది మూడు నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి పోతుంది కాబట్టి బ్రిడ్జిలో ఆ మేర జరిగే వీలుండాలి.

రంగు నలుపే వేయండి. బ్రిడ్జి దగ్గర రెండు తీగచుట్లతో గుర్రును తగ్గించే హంబకర్ పికప్పు ఒకే ఒక్కటి, 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్, టోన్ నాబులు, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ చాలు. పికప్పు గూట్లో రాగి రేకు అంటించి, బ్రిడ్జి కిందికి ఒక ఎర్తు వైరు తప్పకుండా టంకం పెట్టాలి. ఇది మరిచిపోతే ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు తిప్పినప్పుడల్లా గిటారు కూడా గుర్రుమంటుంది.

బిరడాలు బిగించి, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 10 నుంచి 46 వరకు మందం ఉండే తీగల జత ఎక్కించి, ఒక రోజు అలాగే వదిలేయండి. తరువాత ట్రస్ రాడ్డుతో మెడ నడుమ పావు మిల్లీమీటరు వంపు ఉంచి, పన్నెండో మెట్టు మీద లావు తీగ ఎత్తు రెండు మిల్లీమీటర్లు, సన్న తీగ ఎత్తు ఒకటిన్నర ఉండేలా బ్రిడ్జిని సర్దండి. ఇప్పుడు పన్నెండో మెట్టు మీద తీగను తాకీ తాకనట్టు ముట్టి మీటండి, ఆ తరువాత నొక్కి మీటండి. నొక్కినది హెచ్చుగా పలికితే బ్రిడ్జి మీద ఆ తీగ ఆధారాన్ని వెనక్కీ, తగ్గి పలికితే ముందుకూ జరపండి. పన్నెండో మెట్టు దగ్గర రెండు నాదాలూ ఒకటైన తరువాత కూడా మూడో మెట్టూ, తొమ్మిదో మెట్టూ వేర్వేరు దిక్కులకు తప్పుతున్నాయంటే, ఇక బ్రిడ్జిని తిప్పకండి, ఉక్కు స్కేలు తీయండి.

వైశాఖంలో పలక అడ్డంగా కుంచించుకుపోయి మెట్ల కొసలు అంచు దాటి అరచేతికి గీరుకుంటాయి. పొడవునా చెక్క దాదాపుగా కదలదు కనుక శ్రుతికి భయం లేదు. సన్న ఆకురాయిని అంచు వెంట ఏటవాలుగా నాలుగుసార్లు నడిపిస్తే సరిపోతుంది. మళ్లీ వానలు పడ్డాక ఉబ్బిన పలకను చూసి కంగారుపడి ఆకురాయి తీయవద్దు.