ట్రిస్ బఫర్ పీహెచ్ నిలవడం లేదా? నా అనుభవం

మే ఎండలో, ఏసీ లేని నెల్లూరు ల్యాబులో పీహెచ్ 8.0కి సరిచేసిన ట్రిస్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచేందుకు ల్యాబుల్లో వాడే ద్రావణం), 4 డిగ్రీలకు చల్లబడ్డాక 8.8 దాటేది. కొత్త ఎలక్ట్రోడ్, తాజా క్యాలిబ్రేషన్ బఫర్లు, వేరే నీళ్లు: ఏవీ పనిచేయలేదు.

మార్పు ట్రిస్‌దే. ఒక డిగ్రీ పెరిగితే దాని పీహెచ్ సుమారు 0.028 తగ్గుతుంది. మీటరులోని ఏటీసీ (ఉష్ణోగ్రతకు తగ్గట్టు తనంతట తాను సరిచేసే సదుపాయం) ఎలక్ట్రోడ్ స్లోపునే, అంటే పీహెచ్‌కు దాని వోల్టేజీ మారే తీరునే, సరిచేస్తుంది, ద్రావణాన్ని కాదు.

ట్రిస్‌ను మొత్తం పరిమాణంలో 90 శాతం మేర నీళ్లలో కరిగించి, చన్నీళ్ల తొట్టిలో 25 డిగ్రీలకు తెచ్చాను. 7, 10 బఫర్లనూ అందులోనే ఉంచి క్యాలిబ్రేట్ చేశాను. 4 డిగ్రీల దగ్గర 8.0 రావాలి కాబట్టి, 21 డిగ్రీల తేడాకు 0.6 తీసేసి, ఆమ్లం కలుపుతూ 7.4 దగ్గర ఆపాను. ఆమ్లం పడగానే బీకరు వేడెక్కుతుంది, చల్లారాకే రీడింగ్ నమ్మాలి. చివర్లో నీళ్లతో పూర్తి పరిమాణానికి తెచ్చాను.

గాఢత మారితే అంకె కొంచెం కదలొచ్చు, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి చూసుకోండి. ఫాస్ఫేట్ బఫర్‌కు ఈ లెక్క దాదాపు అక్కర్లేదు.