భోగికి ముందు అటక దించుతున్నారా?

నెలగంట పెట్టారంటే మా ఇంట్లో బూజుకర్ర బయటికొస్తుంది. అటక మీద పదేళ్లుగా ఊరుకున్న సామానంతా హాల్లోకి దిగుతుంది. పనికిరాదనుకున్న ప్రతిదానికీ ఒకటే తీర్పు: "భోగి మంటలో వేసేద్దాం లే." నా గొడవంతా ఆ మాటతోనే. భోగి మంట చెత్తకుండీ కాదు.

ముందు అటక సంగతి. ఈ పని పగటిపూటే పెట్టుకోండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, కింద ఒకరు నిచ్చెన పట్టుకోవాలి. మూలల్లోకి చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి, తేళ్లు ఉండేది అక్కడే. గంగాళం లాంటి బరువులు ఒక్కరే దించకండి.

పాత పేపర్లు తూకానికి వేసేముందు ఒక్కో కట్టా విప్పి చూడండి. రెండేళ్ల క్రితం మా గుమ్మం ముందు కట్ట తక్కెడలో పెట్టాక, మధ్యలోంచి గులాబీ రంగు ఫైలు మూల తొంగిచూసింది. లాగితే ఇంటి దస్తావేజు! నాన్న ఆ పూట కాఫీ కూడా ముట్టలేదు. పాత పట్టుచీరల మడతలు, ఖాళీ పోపుడబ్బాలు కూడా తడిమి చూడాల్సినవే. ఆధార్ జిరాక్సులు, వాడని చెక్కులు మాత్రం అమ్మొద్దు, చింపి పారేయండి.

ఇక మంట. ఎండు కట్టెలు, తాటాకులు, పిడకలు చాలు. విరిగిన కుర్చీ వేయాలంటే రంగు, వార్నిష్ లేని ఉత్త చెక్క అయితేనే. పాత రంగుల్లో సీసం ఉండేది. టైర్లు, ప్లాస్టిక్ బిందెలు, రెగ్జిన్ సీట్లు అసలే వద్దు. ఫోమ్ పరుపు కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది, చుట్టూ నిలబడేదేమో భోగిపిడకల దండలు పట్టుకున్న పిల్లలు. 2018లో భోగినాడు చెన్నైలో పొగ, మంచు కలిసిపోయి విమానాలే దారి మళ్లాయి. సెంటు, దోమల మందు స్ప్రే డబ్బాలు ఖాళీవైనా మంటలో పేలతాయి.

ఉబ్బిన పవర్ బ్యాంకు, పాత ఫోను బ్యాటరీ కూడా అంతే. వాటిని గుచ్చకండి, నొక్కకండి, మామూలు చెత్తలో కలపకండి. కొనల మీద టేపు అంటించి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పాత ఎలక్ట్రానిక్ వస్తువుల రీసైక్లింగ్ బాధ్యత వాటి తయారీదారులదే. ఫోన్ ఇచ్చేముందు సిమ్, మెమరీ కార్డు తీసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. సీఎఫ్‌ఎల్ బల్బులో పాదరసం ఉంటుంది. పగిలితే ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి, గట్టి అట్టతో ముక్కలు ఎత్తండి, చీపురు వద్దు.

గడువు దాటిన మాత్రలు పిల్లల చేతికి అందకుండా విడిగా పెట్టి, మందుల షాపులో వెనక్కి తీసుకుంటారేమో అడగండి. ఎవరికైనా బట్టలిస్తుంటే ఉతికి, గుండీలు కుట్టి ఇవ్వండి. చిరిగినవి మసిగుడ్డలకి పనికొస్తాయి.

మంట కరెంటు తీగల కింద వేయకండి, పక్కన రెండు బకెట్ల నీళ్లుండాలి. కుర్చీలు కాలినచోట మేకులు బూడిదలోనే మిగిలిపోతాయి. నీళ్లు చల్లి బాగా చల్లారాక అయస్కాంతం ఒకసారి తిప్పండి. మా పెద్దమ్మాయి కిందటేడాది పద్నాలుగు ఏరింది.