కాలం మారగానే పిల్లలు నలతగా, డల్‌గా ఉంటున్నారా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

కాలం మారినప్పుడు పిల్లల్లో ఏ తేడా కనిపించినా "వాతావరణం పడలేదు" అని తేల్చేస్తుంటాం. చలి, ఎండ, వాన నేరుగా చేసే చెరుపు నిజానికి తక్కువే. అవి పిల్లల రోజును మార్చేస్తాయి. ఆడుకునే వేళ, పడుకునే వేళ, తాగే నీళ్లు, మూసిన గదిలో గడిపే సమయం, అన్నీ మారతాయి. ఇబ్బంది చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. అందుకే కింద చెప్పిన వాటిలో ఏ లక్షణం కనిపించినా, ఈ మధ్య పిల్లల దినచర్యలో ఏం మారిందో ముందు చూడండి.

జలుబు తగ్గిన వారానికే మళ్లీ మొదలవుతోంది

చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి కాబట్టి ఒకటి పోగానే ఇంకోటి తగులుకుంటుంది. ఒక్కో జలుబు 7 నుంచి 10 రోజులు ఉంటుంది, దగ్గు రెండు మూడు వారాలు లాగుతుంది. "నెలంతా జలుబే" అనిపించేది ఇందుకే. మధ్యలో కొన్ని రోజులైనా బాగుండి, సరిగ్గా తింటూ, బరువు పెరుగుతూ ఉంటే ఒంట్లో రోగనిరోధక శక్తి లేదని టెన్షన్ పడక్కర్లేదు.

చలికీ వానకీ తలుపులు మూసుకుని అందరూ ఒకేచోట ఉండటంతో వైరస్ ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకుతుంది. రోజూ కాసేపు కిటికీలు తెరవడం, బయటి నుంచి రాగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడిగించడం, ఆరు నెలలు నిండిన పిల్లలకు ఏటా ఫ్లూ టీకా వేయించడం. శక్తి పెంచుతాయని అమ్మే సిరప్‌ల కంటే ఇవి ఎంతో మేలు.

జలుబు వైరస్ మీద యాంటీబయాటిక్స్ పనిచేయవు, డాక్టర్‌ని పట్టుబట్టి రాయించుకోవద్దు. నాలుగేళ్ల లోపు పిల్లలకు మీ అంతట మీరు దగ్గు సిరప్ పట్టకండి. ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు చాలు. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు కొంచెం తేనె ఇస్తే రాత్రి దగ్గు కాస్త నెమ్మదిస్తుంది. ఏడాది లోపు బిడ్డకు మాత్రం తేనె నాకించనే కూడదు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఒక్క విషయం ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40. దగ్గుతో పాటు ఊపిరి ఈ లెక్కకు చేరినా, దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా అది మామూలు జలుబు కాదు, న్యుమోనియా కావచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) జ్వరం వచ్చినా అంతే, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

పరుగెత్తిన కాసేపటికే దగ్గు, పిల్లికూతలు

చల్లటి పొడిగాలిని నోటితో వేగంగా పీల్చినప్పుడు కొందరు పిల్లల్లో శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. చాలామంది తల్లిదండ్రులు భయంతో ఆట మాన్పించేస్తారు. ఇది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఆట మానాల్సిన అవసరం చాలావరకు ఉండదు. ఆటకు ముందు పది నిమిషాలు నెమ్మదిగా ఒళ్లు వేడెక్కనివ్వండి, చలిగాలిలో ముక్కూ నోరూ కప్పేలా మఫ్లర్ కట్టండి. ఇలా మళ్లీ మళ్లీ అవుతుంటే డాక్టర్‌కి చూపించండి, ఉబ్బసం ఉందేమో చూస్తారు. ఇన్‌హేలర్ రాస్తే వెనకాడొద్దు. అది వ్యసనంలా అలవాటైపోతుందన్నది అపోహ. చిన్నపిల్లలకు స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పెట్టి ఇస్తేనే మందు ఊపిరితిత్తుల దాకా చేరుతుంది.

ఎండలో ఆడి వచ్చాక తలనొప్పి, వికారం

పెద్దవాళ్ల కంటే పిల్లలకు చెమట తక్కువ పడుతుంది. పైగా ఆటలో పడితే దాహం సంగతే మర్చిపోతారు. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది కాబట్టి ఎండలు ముదిరిన మొదటి రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ.

నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, తడిబట్టతో ఒళ్లు తుడుస్తూ విసరండి. గుక్కగుక్కగా నీళ్లు తాగించండి. మాట తడబడుతున్నా, పిలిస్తే సరిగ్గా పలకకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు 40 డిగ్రీలకు చేరినా అది వడదెబ్బ. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు ఒంటిమీద చల్లటి నీళ్లు పోస్తూ గాలి తగలనివ్వాలి. స్పృహ సరిగా లేని బిడ్డ నోట్లో ఏమీ పోయకూడదు. ఈ వేడికి పారాసిటమాల్ పనిచేయదు, దాని కోసం వెతుకుతూ టైమ్ పోగొట్టుకోవద్దు.

ఆటను పొద్దున్నే, లేదా ఎండ వాలాక పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. ఆడేటప్పుడు 15–20 నిమిషాలకోసారి పిలిచి నీళ్లు ఇవ్వాలి. మూత్రం ముదురు పసుపులో ఉంటే నీళ్లు చాలట్లేదని అర్థం. ఆపి ఉంచిన కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలకండి. మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి 10 డిగ్రీల దాకా పెరుగుతుంది.

నీళ్ల విరేచనాలు

ఇక్కడ ప్రాణం నిలబెట్టేది ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్నీ ఒకేసారి కలపాలి. తక్కువ నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై కీడు చేస్తుంది. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు వాళ్లకు 50–100 మిల్లీలీటర్లు, ఆపై పిల్లలకు 100–200 మిల్లీలీటర్లు పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి. కూల్‌డ్రింకులు, తియ్యటి జ్యూస్‌లు వద్దు, చక్కెర వల్ల విరేచనాలు ఇంకా పెరుగుతాయి. తల్లిపాలు, మామూలు తిండి ఆపకూడదు. డాక్టర్‌ని అడిగి జింక్ కూడా 10 నుంచి 14 రోజులు ఇస్తే తొందరగా కోలుకుంటారు. కళ్లు లోతుకు పోయినా, మూత్రం ఆగినా, మలంలో రక్తం కనిపించినా, బిడ్డ మత్తుగా పడుకున్నా ఇంట్లో ఉంచకండి.

జ్వరం దిగింది, పిల్లాడు మాత్రం తేరుకోలేదు

డెంగీ తిరిగే చోట్ల దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అసలు ప్రమాదం తరచుగా జ్వరం తగ్గాకే మొదలవుతుంది. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులూ కాళ్లూ చల్లబడటం ఉంటే క్షణం ఆలస్యం చేయకూడదు. జ్వరానికి ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వొద్దు, బరువును బట్టి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. డెంగీ దోమ పగలే కుడుతుంది, నిలవ నీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి నీటి పాత్రలు వంపేసి, లోపలి అంచులు రుద్ది కడగాలి.

బయట ఆడుకో అంటే రానంటారు

బద్ధకం అని తిట్టే ముందు రోజెలా గడుస్తోందో చూడండి. త్వరగా చీకటి పడి ఆటవేళ మాయమైందా? సెలవుల్లో నిద్ర అర్ధరాత్రికి జరిగిందా? తోడు ఆడే పిల్లలు లేరా? ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్ప, ఆడటమే ఇష్టం లేని పిల్లలు నాకు తెలిసి చాలా అరుదు.

ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒగర్చేంత కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఒకేసారి కానక్కర్లేదు, పావుగంట చొప్పున నాలుగుసార్లైనా సరే. బడి నుంచి వచ్చి టీవీ ముందు కూర్చున్నాక లేపడం కష్టం, కూర్చోకముందే ఆటకు పంపండి. వాన పట్టిన రోజు తాడాట, మెట్లెక్కడం, పాట పెట్టుకుని గంతులు వేయడం సరిపోతాయి. మీరూ కలిస్తే ఇంకా ఉత్సాహంగా ఆడతారు. అలాగని రోజులన్నీ ఇంట్లోనే గడవనివ్వకండి. పగటి వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలకు దూరపు చూపు మందగించే ముప్పు తక్కువ.

ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. జరిగిపోయిన నిద్రవేళను ఒక్క రోజులో లాగలేం, రోజుకు పావుగంట చొప్పున త్వరగా పడుకోబెడుతూ రండి.

ఇవన్నీ సరిచేసినా, ఇదివరకు హుషారుగా ఆడే పాప ఇప్పుడు రెండు అడుగులకే ఆయాసపడుతుంటే, పాలిపోయి ఉంటే, మట్టి లాంటివి తింటుంటే కాలం మీదికి నెట్టకండి. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. రోజుకు అర లీటరు మించి పాలు తాగే చిన్నపిల్లల్లో, భోజనంతో పాటు టీ తాగే పిల్లల్లో ఇనుము తగ్గడం తరచుగా చూస్తాం. ఐరన్ మందు డాక్టర్ చెప్పిన మోతాదులోనే ఇచ్చి, సీసాను పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టండి. ఎక్కువ మింగితే ప్రాణం మీదికి వస్తుంది.