తెల్లవారుజాము నాలుగింటి ప్రార్థనలో కునికిపాట్లు: ముందుగా చూడాల్సింది ఏమిటి?

మోకాళ్ల మీదే కునుకు వచ్చినా, వాక్యం చెబుతుంటే తల వాలిపోయినా, పదింటికి పక్క ఎక్కి ఒంటిగంట దాకా ఫ్యాను చూస్తూ పడుకున్నా, "శత్రువు అడ్డుపడుతున్నాడు" అనే ముందు ఒక కాగితం తీయండి. ఏడు రోజుల పాటు రెండే అంకెలు రాయాలి: ఎన్నింటికి నిద్ర పట్టింది, ఎన్నింటికి లేచారు. పక్క ఎక్కిన టైము కాదు, నిద్ర పట్టిన టైము. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటలు కావాలి. ఈ కాగితం రాయకుండా ఉపవాసాలు పెంచేవాళ్లే ఎక్కువ.

నాలుగింటికి లేస్తున్నారు, ప్రార్థనలో తూగుతున్నారు

లేచే టైము మార్చారు, పడుకునే టైము మార్చలేదు. 11కి పడుకుని 4కి లేస్తే 5 గంటలే. యేసు ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచాడని మార్కు సువార్త 1:35 చూపిస్తారు. నిజమే. కానీ అవి పొద్దుగూకితే నూనె దీపమే గతి అయిన రోజులు. అదే సువార్త నాలుగో అధ్యాయంలో, దోనెలోకి నీళ్లు కొడుతుంటే తలగడ మీద నిద్రపోయిందీ ఆయనే. ఆ వచనాన్ని క్యాలెండర్ మీద వేయించేవాళ్లు అరుదు.

4కి లేవాలంటే 8:45 కల్లా పక్క ఎక్కాలి, అన్నం 7లోపే తినాలి. పడుకునే వేళను మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. ఇల్లు అందుకు ఒప్పుకోకపోతే ప్రార్థననే 5:30కి పెట్టుకోండి.

గంటల లెక్క సరిపోయింది, అయినా సోమ, మంగళవారాల్లో ఒళ్లు కదలదు

అందరూ బోల్తాపడేది ఇక్కడే. కాగితం మీద సగటు 7 గంటలు ఉంటుంది కాబట్టి నిద్ర మీద అనుమానమే రాదు. కానీ వరస చూడండి. శుక్రవారం ఆల్‌నైట్ ప్రేయర్ 10కి మొదలై 4కి ముగుస్తుంది. ఇంటికొచ్చి 5కి పడుకుని మధ్యాహ్నం 12కి లేస్తారు. ఏడు గంటలూ వచ్చాయి, సంతోషం. ఆ రాత్రి మాత్రం ఒంటిగంట దాకా కన్ను మూతపడదు. ఆదివారం ఆరాధన కోసం 6కే లేవాలి. తిరిగొచ్చి బిర్యానీ తిని, మూడింటికి పడుకుంటే ఆరు. ఆ రాత్రి మళ్లీ ఒంటిగంట. సోమవారం అలారం మోగేసరికి, విమానం ఎక్కకుండానే నాలుగు దేశాలు దాటొచ్చినట్టు ఉంటుంది. శుక్రవారం చేసింది సోమవారం బయటపడుతుంది కాబట్టి ఆ రెండింటికీ ఎవరూ ముడిపెట్టరు.

ఒంట్లోని గడియారం గంటల మొత్తాన్ని కూడి చూడదు. లేచే వేళను, కంటికి తగిలే వెలుతురును బట్టి నడుస్తుంది. జరిగిపోయాక వెనక్కి రావడానికి రోజుకు దాదాపు గంట చొప్పునే కదులుతుంది. దీనికి తోడు అర్ధరాత్రి ఒక టీ, రెండింటికి ఇంకో టీ. టీలోని కెఫీన్‌లో సగం, తాగిన ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

జాగరణ మానక్కర్లేదు, ఇలా చేయండి. ఆ రోజు మధ్యాహ్నం 1–3 మధ్య గంటన్నర పడుకోండి. టీ రాత్రి 11 దాటాక వద్దు. ప్రార్థన అయ్యాక బండి తీయొద్దు. మందిరంలోనే చాప పరుచుకుని తెల్లారేదాకా పడుకోండి, ఇది మాత్రం బేరం లేని మాట. మొత్తానికి 9కల్లా లేచి, అరగంట ఎండలో తిరగండి. ఆ రాత్రి మామూలు వేళకే పడుకోండి. ఆదివారం కునుకు 20–30 నిమిషాలే, అదీ మూడింటిలోపు, అలారం పెట్టుకుని. ఏ రోజూ లేచే టైము గంటకు మించి జరగకూడదు. జాగరణ మర్నాడు ఒక్కటే మినహాయింపు.

పాస్టరుగార్లకు ఒక మాట. త్రోయ పట్టణంలో అపొస్తలుడైన పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే ఐతుకు అనే కుర్రాడు కిటికీలో నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు దిగివెళ్లి కౌగిలించుకున్నాడే గానీ, భక్తి లేదని తిట్టినట్టు అపొస్తలుల కార్యములలో ఎక్కడా లేదు. (ఆ తర్వాత తెల్లారేదాకా మాట్లాడాడు, అది వేరే సంగతి.)

పక్క మీద పడుకోగానే ఆలోచనలు

పడుకుని చేసే ప్రార్థన కాసేపటికి అప్పులు, పెళ్లిళ్లు, ఫీజుల జాబితాగా మారుతుంది. విన్నపాలు గంట ముందే కుర్చీలో కూర్చుని, నోటుబుక్కులో రాసి ముగించండి. పక్క మీద నాలుగో కీర్తన చివరి వచనం (నెమ్మదిగా పడుకుని నిద్రపోతాను అనే మాట) చాలు. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చోండి. ఫోనులో బైబిలు తెరవొద్దు. చదివేది వాక్యమే అయినా దాని పైన వాట్సాప్ మెసేజీలు వచ్చి పడుతూనే ఉంటాయి.

తొమ్మిది గంటలు పడుకున్నా అలసట

సోమరితనమని సామెతలు 6 చదివి తిట్టుకోకండి. గురక గట్టిగా ఉండి మధ్యలో ఊపిరి ఆగుతోందేమో ఇంట్లోవాళ్లను అడగండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే డాక్టరును కలవండి. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు కూడా దూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు.

గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, కదల్లేకపోవడం

మెలకువ వచ్చినా కండరాలు ఇంకా నిద్రలోనే ఉండటం వల్ల ఇది జరుగుతుంది, నిమిషాల్లో పోతుంది. నిద్ర వేళలు చెదిరినప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. వేళలు సరిచేసి పక్కకు తిరిగి పడుకోండి. కాళ్లు పీకడం, నిద్రలో నడవడం లాంటివి తక్కువమందికే వస్తాయి, డాక్టరుకు వదిలేయండి.

షుగరుకు మందు వాడుతూ ఉపవాసం, జాగరణ కలిపి చేసేవాళ్లు మాత్రం మాత్రలు, ఇన్సులిన్ సంగతి ముందే డాక్టరును అడగాలి. ప్రార్థన మధ్యలో చెమటలు పట్టి వణుకు వస్తే నిద్రమత్తు అనుకోకండి. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి.