నాణేల వేలంలో తేడా ఎక్కడ కొడుతుంది: సమస్య - పరిష్కారం

నాణేలు వేలం వేసే సంస్థలు చాలానే ఉన్నాయి: ముంబైలో తోడీవాలా, ఓస్వాల్, బెంగళూరులో మరుధర్, అహ్మదాబాద్‌లో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ. విదేశాల్లో హెరిటేజ్, స్పింక్, నూనన్స్. వీటిని పోల్చాల్సింది పేరుతో కాదు, షరతులతో. ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

సమస్య: పాట ₹20,000 దగ్గర ఆగింది, బిల్లు మాత్రం ₹23,000 దాటింది

కారణం: పాడిన ధర మీద సంస్థ తీసుకునే బయ్యర్స్ ప్రీమియం, దాని మీద జీఎస్టీ. ప్రీమియం 15 శాతం, దానిపై జీఎస్టీ 18 శాతం అనుకోండి. 20,000 + 3,000 + 540 = ₹23,540. నాణెం మీద పన్ను, కొరియర్, బీమా ఇంకా కలవలేదు.

పరిష్కారం: లెక్క వెనక నుంచి కట్టండి. చేతిలో ₹20,000 ఉంటే 1.177తో (అంటే 23,540 ÷ 20,000) భాగించండి. పాట ₹17,000 దగ్గరే ఆపేయాలి. ప్రీమియం మారితే ఈ అంకె కూడా మారుతుంది. కాబట్టి ప్రతి వేలానికీ షరతులు కొత్తగా చదవాల్సిందే.

సమస్య: పాత ధరలు చూస్తే ఒక సంస్థలో అన్నీ ఖరీదుగా కనిపిస్తున్నాయి

హెరిటేజ్ తన పాత ఫలితాలను ప్రీమియం కలిపి చూపిస్తుంది. నూనన్స్ చూపించేది పాట ఆగిన ధర మాత్రమే. రెండింటినీ ప్రీమియం కలిపిన ధరకు తెచ్చాకే పోల్చండి. అదీ ఒకే గ్రేడు (నాణెం ఎంత బాగుందో చెప్పే స్థాయి) నాణేల మధ్యే.

సమస్య: ఫొటోలో ధగధగలాడిన రూపాయి చేతికొచ్చాక కళ తప్పింది

కారణం: తోమేశారు. నిటారుగా పడే వెలుతురులో సన్న గీతలు కనబడవు. మన దగ్గర ఇంకో ముప్పూ ఉంది: దండలో గుచ్చిన రూపాయలు. కొక్కెం పీకేసినా అంచు మీద టంకం మచ్చ మిగులుతుంది. ఆ చోట అంచు గీట్లు అరిగిపోయి ఉంటాయి, సాధారణంగా రాజుగారి తల పైభాగాన.

పరిష్కారం: పాటకు ముందే ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటో, అంచు ఫొటో అడగండి. పంపడానికి ఇష్టపడని సంస్థలో ఖరీదైన లాటు (వేలంలో ఒక్కసారిగా పాడే సరుకు) జోలికి పోకపోవడమే మేలు. నాణేలకు గ్రేడు ఇచ్చే ఎన్‌జీసీ, పీసీజీఎస్ సంస్థల డబ్బా మీద గ్రేడు అంకె బదులు ‘డీటెయిల్స్’ అని ఉంటే, నాణెం అసలుదే కానీ పాడైందని అర్థం.

సమస్య: 1939 రూపాయి అసలుదో కాదో తేలడం లేదు

ఆరో జార్జి వెండి రూపాయల్లో అరుదైనది ఇదే. 1940 నుంచి వెండి సగానికి తగ్గించారు. 1939 దాకా బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం.

పోతపోసిన నకిలీని ఇంట్లోనే పట్టొచ్చు. 0.01 గ్రాము చూపే త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారానికి కట్టి, అడుగుకు తగలకుండా నీళ్లలో ముంచండి. అంకె 1.13 దగ్గర రావాలి. 1.30 వచ్చిందంటే అది వెండి కాదు, రాగి-నికెల్ లాంటిది.

అసలు చిక్కు వేరే ఉంది. 1938 రూపాయి మీద చివరి 8ని 9గా చెక్కితే ఈ పరీక్షలన్నీ పాసవుతుంది, ఎందుకంటే వెండి నిజమైనదే. 10 రెట్ల భూతద్దంతో ఆ 9 తోక చుట్టూ చూడండి. అంకె చుట్టూ ఉన్న ఖాళీ చోటు గీరినట్టున్నా, 9 మందం పక్కనున్న 3తో కలవకపోయినా వదిలేయండి. అసలుదన్న హామీ, వాపసు గడువు ఎన్ని రోజులో రాతపూర్వకంగా ఉన్న చోటే కొనండి. చాలా చోట్ల గుత్త లాట్లకు (చాలా నాణేలు కలిపి అమ్మేవి) వాపసు ఉండదు.

సమస్య: నిజాం రూపాయి వివరణ, బొమ్మ కలవడం లేదు

నాణెం మీది చార్మినార్ మధ్య కమానులోని అరబ్బీ లిపి అక్షరాన్ని పెద్దది చేసి చూడండి. మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్. హిజ్రీ 1329-30 నాటి తొలి ముద్రల్లో ఐన్ అసంపూర్ణంగా, తర్వాతి వాటిలో పూర్తిగా ఉంటుంది. అవి వేర్వేరు రకాలు. కేటలాగు రెండింటినీ కలిపేసి ఉంటే మీకే లాభం కావచ్చు!

సమస్య: ఇక్కడ కొన్న నాణెం అమెరికాకు పంపలేకపోతున్నారు

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన నాణేన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. సూట్‌కేసులో పెట్టుకెళ్లడం కూడా నేరమే. అమెరికాలో ఉండేవారు అలాంటివి ఇక్కడ కొంటే ఇక్కడే ఉంచాలి, లేదా అక్కడి వేలంలోనే పాడుకోవాలి.