కడప బండల లెక్కతో రేఖీయ సమీకరణం: సాధన, గ్రాఫు

వంటగట్టుకు కడప బండలు తెప్పించారు. చదరపు అడుగు 40 రూపాయలు, ఎన్ని అడుగులు తెచ్చినా ఆటో బాడుగ 600 అనుకుందాం. మొత్తం 3000 అయింది. ఎన్ని అడుగులు వచ్చినట్టు? తెలియని ఆ సంఖ్యే ఎక్స్.

40ఎక్స్ + 600 = 3000

ముందు బాడుగ పక్కన పెట్టండి: రెండు వైపులా 600 తీసేస్తే 40ఎక్స్ = 2400. రెండు వైపులా 40తో భాగిస్తే ఎక్స్ = 60. సరిచూడండి: 40 × 60 + 600 = 3000. ముందే 40తో భాగించినా తప్పేం లేదు, కాకపోతే 600ను కూడా భాగించాలి: ఎక్స్ + 15 = 75. ఆ 600ను మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

"అవతలికి పోతే గుర్తు మారుతుంది" అని బట్టీ పట్టడంతోనే చిక్కు మొదలవుతుంది. 40ఎక్స్ = 2400 దగ్గర కూడా ఎక్స్ = 2400 − 40 అని రాసేస్తారు. నిజానికి ఏదీ అవతలికి పోదు. కూడి ఉన్నదాన్ని రెండు వైపులా తీసేస్తున్నాం, గుణించి ఉన్నదాన్ని రెండు వైపులా భాగిస్తున్నాం, అంతే. పిల్లలకు మొదటి వారం రోజులైనా ఈ మెట్టును పూర్తిగా రాయించాలి.

బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే మరింత జాగ్రత్త. 5 − 2(ఎక్స్ − 3) = 1 విప్పితే 5 − 2ఎక్స్ + 6 = 1, కాబట్టి ఎక్స్ = 5. ఆ 6 ముందు మైనస్ రాస్తే ఎక్స్ = −1 వస్తుంది. దాన్ని మొదటి సమీకరణంలో పెడితే ఎడమవైపు 13 అవుతుంది, తప్పు అక్కడే దొరికిపోతుంది.

ఇక గ్రాఫు. మొత్తం ఖర్చును వై అంటే, వై = 40ఎక్స్ + 600. ఎక్స్‌కు 0, 30, 60 ఇస్తే వై 600, 1800, 3000. గీతకు రెండు బిందువులు చాలు. మూడోది కాపలా: అది గీత మీద పడకపోతే లెక్క గానీ, బిందువు పెట్టడం గానీ తప్పింది.

స్కేలు ముందే తేల్చుకోవాలి. అడ్డంగా 1 సెం.మీ. = 10 అడుగులు, నిలువుగా 1 సెం.మీ. = 300 రూపాయలు; కాగితం పై మూలన రాయండి. (30, 1800) అంటే మూలబిందువు (అడ్డ, నిలువు అక్షాలు కలిసే చోటు) నుంచి ముందు కుడికి 3 సెం.మీ., తర్వాత పైకి 6 సెం.మీ. ఈ వరుస తారుమారైతే బిందువు ఎక్కడో పడుతుంది. పెన్సిల్ మొన సన్నగా ఉండాలి.

గీత వై అక్షాన్ని, అంటే నిలువు అక్షాన్ని, 600 దగ్గర తాకుతుంది, అది బాడుగ. అక్కడి నుంచి 10 అడుగులకు 400 చొప్పున ఎక్కుతుంది, అది వాలు. బండల లెక్కలో గీతను ఎడమకు పొడిగించకూడదు, మైనస్ అడుగుల బండలు ఉండవు గదా! ఉత్త సమీకరణమే ఇస్తే మాత్రం రెండు కొసలకూ బాణం గుర్తులు పెట్టాలి.

చేతిలో 2400 ఉంటే ఎన్ని అడుగులు వస్తాయి? నిలువు అక్షం మీద 8 సెం.మీ. ఎక్కి, అడ్డంగా గీత దాకా వెళ్లి, కిందికి దిగండి. 4.5 సెం.మీ. దగ్గర దిగుతారు, అంటే 45 అడుగులు.