బెంచీలు వేశాం, ఎవరూ కూర్చోవట్లేదు: ఎక్కడ చెడింది, ఎలా సరిచేయాలి

ఖాళీగా పడున్న జాగా బాగుచేయించి, బెంచీలు వేయించి, మొక్కలు నాటించి, ఇక నలుగురూ వచ్చి కూర్చుంటారని ఎదురుచూస్తే పిట్ట కూడా వాలదు. అప్పుడు వినిపించే మాట ఒకటే: ఈ కాలం వాళ్లకి ఫోన్లుంటే చాలు, పక్కమనిషి అక్కర్లేదని. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. చాలాసార్లు లోపం మనుషుల్లో ఉండదు, కుర్చీ వేసిన తీరులో ఉంటుంది, అది ఒక్క పూటలో సరిచేయగలిగిందే కావచ్చు.

ఏదైనా కదిపే ముందు ఒక వారం చూడండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం పావుగంట చొప్పున ఓ పక్కన కూర్చుని, ఎవరు ఎక్కడ ఆగారు, ఎటు తిరిగి కూర్చున్నారు, ఎంతసేపు ఉన్నారు అన్నది కాగితం మీద చుక్కలుగా పెట్టండి.

దారిన పోతున్నారు, లోపలికి రావట్లేదు

లోపల ఎవరున్నారో బయటికి కనిపించకపోవడమే ఎక్కువసార్లు కారణం. బయటి చోట్లలో జనం ఎలా మసలుతారో అధ్యయనం చేసిన అమెరికన్ విలియం వైట్ 1970లలో న్యూయార్క్ కూడళ్లలో కెమెరాలు పెట్టి గంటల తరబడి గమనించి తేల్చింది ఇదే: మనుషుల్ని అన్నిటికంటే ఎక్కువగా లాగేది ఇతర మనుషులే. కాబట్టి కళ్లకి అడ్డొచ్చే పొదలు కత్తిరించండి. రెండు మూడు సీట్లు దారిని ఆనుకునే వేయండి. ఆ జాగా రోడ్డు మట్టానికి బాగా కిందో పైనో ఉంటే మాత్రం కష్టమే, మెట్లు వెడల్పు చేసి వాటినే కూర్చునే చోటుగా మార్చండి.

మధ్యలో బెంచీలు ఖాళీ, గోడ పక్కవి ఫుల్

ఇది మామూలే. వీపు వెనక ఏదైనా ఆసరా ఉండి, కళ్లముందు నలుగురూ తిరుగుతూ కనిపించే చోటే ఎవరైనా ఎంచుకుంటారు. మధ్యవి తీసి అంచులకి, చెట్ల కిందికి జరపండి, అంతే.

కూర్చుంటున్నారు, కానీ మాటల్లేవు

నా లెక్కలో అసలు జబ్బు ఇదే, ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. పొడవాటి బెంచీలో అందరూ ఒకే వరసలో ముందుకి చూస్తూ కూర్చుంటే మాట కలపాలంటే మెడ తిప్పాలి, మూడోమనిషికి మధ్యలో ఉన్నవాళ్లు అడ్డం. ఎదురెదురుగా వేసినా దూరం ఎక్కువైతే లాభం లేదు. మనుషుల మధ్య దూరాల మీద పనిచేసిన ఎడ్వర్డ్ హాల్ 4 అడుగుల లోపు దూరాన్ని దగ్గరివాళ్లతో మాట్లాడే దూరంగా, 4 నుంచి 12 అడుగుల దాకా ఉన్నదాన్ని పనిమీద మాట్లాడే దూరంగా లెక్కగట్టాడు.

1950లలో కెనడాలోని ఒక ఆస్పత్రిలో వృద్ధ మహిళల వార్డుకి కొత్త రంగులు, కొత్త కుర్చీలు అన్నీ వచ్చాయి, కానీ ఆ కుర్చీలు గోడల వెంట వరసగా ఉండటంతో ఎవరి లోకంలో వాళ్లు ఉండిపోయేవారు. మనస్తత్వవేత్త రాబర్ట్ సోమర్ బృందం వాళ్లు చిన్న బల్లలు తెచ్చి చుట్టూ కుర్చీలు వేశారు. మొదట్లో అక్కడున్నవాళ్లకే ఆ మార్పు నచ్చలేదు, కొన్ని వారాలు ఓపిక పట్టాక మాటలు దాదాపు రెట్టింపయ్యాయి. మీరూ మర్నాడే పాత వరసకి తిప్పేయకండి.

మార్గం: పొడవు బెంచీని రెండుగా కోయించి గది మూలలా, L ఆకారంలో పెట్టండి. మాట్లాడాలనుకుంటే మోకాళ్లు ఒకరివైపు ఒకరికి తిరుగుతాయి, వద్దనుకుంటే చూపు పక్కకి తిప్పుకోవచ్చు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. అంతకంటే మంచిది కదిలే కుర్చీలు. 1992లో బాగుచేసి తిరిగి తెరిచిన న్యూయార్క్ బ్రయంట్ పార్కులో వైట్ సలహాతో అలాంటివే వేశారు. ఎవరైనా కదిలే కుర్చీ దగ్గరికి వచ్చినప్పుడు చూడండి: నిలబడి ఉండగానే కుర్చీ వీపు పట్టుకుని జానెడు పక్కకి లాగుతారు, కాస్త తిప్పుతారు, ఒక్కోసారి అటూ ఇటూ జరిపి మళ్లీ మొదటిచోటే పెట్టి కూర్చుంటారు. ఆ జానెడు కదలికతో ఆ చోటు వాళ్లదవుతుంది. ఎత్తుకుపోతారని టెన్షనైతే ముందు ఆరేడు వేసి చూడండి.

ఒకే గుంపు వస్తోంది, ఆడవాళ్లు, పెద్దవాళ్లు రావట్లేదు

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆడవాళ్ల సంఖ్య మరీ తక్కువగా ఉంటే ఆ చోటులో ఏదో లోపం ఉన్నట్టేనని వైట్ కూడా గమనించాడు. ఒకటే దారి ఉండి అక్కడ ఎవరో గుంపుగా నిలబడితే, లోపలికి రావడం సంగతి అటుంచి, వచ్చాక బయటికి ఎలా వెళ్లాలన్నదే బెంగ. రెండో దారి తెరవండి. లైట్లు నేల మీద వలయాలుగా కాకుండా ఎదురొచ్చేవాళ్ల ముఖం కనిపించేలా ఉండాలి. పెద్దవాళ్లకి వీపు ఆనించుకునే సీటు, లేచేటప్పుడు పట్టుకోవడానికి చేతులున్న కుర్చీ, సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. దగ్గర్లో టాయిలెట్ లేకపోతే ఇవన్నీ ఉన్నా అరగంటకి మించి ఉండలేరు.

వస్తారు, పలకరించుకోరు

తెలియని మనిషితో మొదటిమాటకి ఓ సాకు కావాలి. చదరంగం గళ్లున్న బల్ల, తీసుకుని తిరిగి పెట్టే పుస్తకాల అర, పిల్లలు చేతులు పెట్టే నీళ్లు, ఏదైనా ఒకటి చాలు.

మొదటి నెల బాగుంది, తర్వాత తగ్గిపోయారు

కార్యక్రమాలు పెట్టిన రోజే జనం వస్తున్నారేమో చుక్కల కాగితం చూసుకోండి. అలాగైతే కొత్త కార్యక్రమం పెట్టకండి, ఆ డబ్బుతో రోజూ ఊడ్చి, విరిగిన కుర్చీ మార్చి, వచ్చినవాళ్లని పేరుతో పలకరించే ఒక మనిషిని జీతానికి పెట్టుకోండి.